ఆ బస్సులు ఎవరి గుమ్మం నుండి బయలుదేరాయి?



ఈ మధ్య యువజన కూడికల్లోను, ఫోన్లలో తిరిగే ప్రసంగాల ముక్కల్లోను ఒక ఉదాహరణ పదే పదే వింటున్నాను. హిట్లర్ జర్మనీలో వికలాంగులను, మతిస్థిమితం లేనివారిని చంపిస్తుంటే సంఘం లేచి నిలబడిందట. ఒక బిషప్ ఒక్క ప్రసంగం చేశాడట, హిట్లర్ భయపడి ఆపేశాడట. ఆ వెంటనే బోధకుడు "సంఘం నోరు తెరిస్తే రాజ్యాలు వణుకుతాయి, హల్లెలూయ చెప్పండి" అంటాడు. అందరూ చెబుతారు.

నేను చెప్పలేను. ఆ కథను ఆ విధంగా చెప్పడం మానేయాలని నాతోటి సేవకులను ఈ వ్యాసం ద్వారా అడుగుతున్నాను.

బిషప్ నిజం, ప్రసంగం నిజం. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ పట్టణంలో బిషప్ ఫాన్ గాలెన్ ప్రసంగపీఠం మీద నుండి ఈ హత్యలను పేరు పెట్టి ఖండించాడు. పనికిరానివాడని ఈరోజు ఒకణ్ణి చంపనిస్తే, రేపు యుద్ధంలో కాళ్లు పోగొట్టుకుని వచ్చే మీ కొడుకు గతి ఏమిటని జనాన్ని అడిగాడు. ఆ ప్రసంగాన్ని జనం చేతిరాతతో ప్రతులు తీసి పంచుకున్నారు. అలా పంచిన లూబెక్ పట్టణపు నలుగురు దైవసేవకుల తలలు 1943లో నరికారు. వారిలో ఒకడు లూథరన్ పాస్టరు. వీరందరి కొరకు దేవునికి స్తోత్రం. అయితే గాలెన్ రోమన్ కథోలిక బిషప్. మనం ప్రొటెస్టెంటులం. మన కథ అది కాదు. మన కథ వేరే ఉంది, అది ఎవరూ చెప్పడం లేదు.

పైగా ఆ ప్రసంగం జరిగేనాటికి విషవాయువు గదులు 19 నెలలుగా పనిచేస్తున్నాయి. హంతకులు తాము రాసుకున్న లెక్క ప్రకారమే 70,273 మంది చనిపోయారు. ఆగస్టు 24న హిట్లర్ ఆపమన్నది ఆ గదులను మాత్రమే. పిల్లలను చంపడం అసలు ఆగనే లేదు. వియన్నాలో ష్పీగెల్‌గ్రుంట్ అనే పిల్లల ఆసుపత్రి ఒక్కచోటే 789 మంది బిడ్డలు చనిపోయారు. పెద్దవారిని ఆసుపత్రి మంచాల మీదనే మందు ఎక్కువ ఇచ్చి, అన్నం పెట్టకుండా మాడ్చి, 1945 వరకు చంపుతూనే ఉన్నారు. యూరప్ అంతటా కలిపి సుమారు 3 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. అంటే "ఆగిపోయింది" అని మనం హల్లెలూయ చెబుతున్న తేదీ తర్వాత చనిపోయినవారే ఎక్కువ.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. జర్మనీలోను ఆస్ట్రియాలోను ఈ హత్యలు జరిగిన ఆరు చోట్ల ఈరోజు స్మారక స్థలాలు ఉన్నాయి. గ్రాఫెనెక్, బ్రాండెన్‌బుర్గ్, హార్ట్‌హైమ్, పిర్నా పట్టణంలోని జొన్నెన్‌ష్టైన్, బెర్న్‌బుర్గ్, హాడమార్. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. అవి గెలుపు కథ చెప్పే స్థలాలు కావు.

హాడమార్‌లో ఒక చెక్క షెడ్డు ఇంకా నిలబడి ఉంది. బస్సులు దానిలోపలికి వచ్చి ఆగేవి. తలుపులు మూసిన తర్వాతే రోగులను దింపేవారు, ఊరివాళ్లు చూడకుండా. అక్కడి నుండి నేరుగా భవనంలోకి, బట్టలు విప్పించి డాక్టరు ముందుకు, ఆ తర్వాత కింది అంతస్తులో పలకలు పరచిన చిన్న గదిలోకి. స్నానం అని చెప్పేవారు. 1941 జనవరి నుండి ఆగస్టు వరకు ఆ గదిలో 10,000 మందికి పైగా చనిపోయారు. పదివేలవ శవాన్ని కాల్చిన రోజు సిబ్బందికి బీరు పోశారు. వారిలో ఒకడు పాదిరి వేషం వేసి వెక్కిరింపు ప్రసంగం చేశాడు. నేను ఈ మాట దగ్గర ఆగిపోయాను. వాడికి ఆ ప్రసంగం ఎలా చేయాలో తెలుసు, ఎందుకంటే వాడు చిన్నప్పటి నుండి ఏదో ఒక మందిరంలో కూర్చుని వింటూనే ఉండి ఉంటాడు.

ఊరికి తెలియదనుకుంటున్నారా? పొగ కనిపించేది. ఆ ప్రాంతపు బిషప్ ప్రభుత్వానికి రాసిన ఉత్తరంలో, పిల్లలు కొట్లాడుకుంటూ నిన్ను హాడమార్ పొయ్యిలో వేస్తారని ఒకరినొకరు తిట్టుకుంటున్నారని రాశాడు. బడిపిల్లలకే తెలిసిన సంగతి అది. గదులు మూసేసిన తర్వాత 1942లో అదే హాడమార్‌లో మందులతో, ఆకలితో మళ్లీ మొదలుపెట్టి ఇంకా 4,000 మందికి పైగా చంపారు. వారిని వెనుకనున్న శ్మశానంలో గుంపులుగా పూడ్చి, పైకి మాత్రం విడివిడి సమాధుల్లా కనిపించేటట్టు చేశారు.

ఇప్పుడు గ్రాఫెనెక్ సంగతి. ఇది మన ఇంటి సంగతి, నెమ్మదిగా చదవండి.

గ్రాఫెనెక్ కొండమీద ఉన్న ఒక పాత కోట. 1920ల చివర దాన్ని కొని వికలాంగులకు ఆశ్రమంగా నడిపింది ఒక ప్రొటెస్టెంటు సేవాసంస్థ. మంచి సమరయుడి పేరు మీద పెట్టిన సంస్థ అది. లూకా సువార్త 10వ అధ్యాయంలో దారిపక్కన పడి ఉన్నవానిని ఎత్తుకుని సత్రానికి తీసుకెళ్లిన ఆ సమరయుడే. 1939 అక్టోబరులో ప్రభుత్వం ఆ ఇంటిని లాక్కుంది. ఆశ్రమవాసులను వేరేచోటికి పంపింది. 1940 జనవరిలో అక్కడి షెడ్డులో విషవాయువు వదలడం మొదలైంది. ఆ ఒక్క సంవత్సరంలో 10,654 మంది. సమరయుని సత్రంలో.

"లాక్కున్నారు కదా అయ్యగారూ, సంఘం ఏం చేస్తుంది?" అని మీరు అడగవచ్చు. సరే. మరి ఆ 10,654 మంది ఎక్కడి నుండి వచ్చారు? దక్షిణ జర్మనీలోని ఎన్నో ఆశ్రమాల నుండి వచ్చారు. ప్రభుత్వ ఆశ్రమాలు ఉన్నాయి, కథోలిక ఆశ్రమాలు ఉన్నాయి, స్టెట్టెన్ లాంటి మన ప్రొటెస్టెంటు ఆశ్రమాలూ ఉన్నాయి. ముందుగా బెర్లిన్ నుండి కాగితాలు వచ్చాయి. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క ఫారం. ఏ జబ్బు, ఎన్నేళ్లుగా, చూడటానికి ఎవరైనా వస్తారా, ఏ జాతి, అన్నింటికంటే ముఖ్యంగా ఏం పని చేయగలడు. ఆ ఫారాలు నింపింది హిట్లర్ కాదు. ప్రతిరోజూ ఉదయం రోగులతో కలిసి ప్రార్థన చేసే ఇళ్లలో కూడా వాటిని నింపి పంపారు. కొందరు ఎందుకో తెలియక నింపారు. తెలిసిన తర్వాత కొందరు ఆలస్యం చేశారు, కొందరు కొంతమందిని దాచారు, కొందరు ఎక్కువ పనిచేస్తారని రాసి కాపాడబోయారు. అయినా బస్సులు వచ్చినప్పుడు తలుపులు తెరుచుకున్నాయి.

బెర్లిన్‌లో ఆ ఫారం చూసే డాక్టర్లు రోగిని ఎన్నడూ చూడలేదు. బతకనివ్వాలంటే నీలం పెన్సిలుతో అడ్డగీత. చంపాలంటే ఎర్ర పెన్సిలుతో కూడిక గుర్తు. ఆ గుర్తు చూడటానికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి వేళ్లు ఇంకా ముందే ఉన్నాయి. 1931 మే నెలలో, అంటే హిట్లర్ అధికారంలోకి రాకముందే, జర్మనీ ప్రొటెస్టెంటు సేవాసంస్థల పెద్దలు ట్రైజా అనే ఊళ్లో సమావేశమయ్యారు. చంపడం తప్పే అన్నారు, అది రాసిపెట్టాలి. కాని కొందరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం మాత్రం మంచిదే కావచ్చు అన్నారు. 1933 జూలై 14న హిట్లర్ ప్రభుత్వం దాన్ని బలవంతపు చట్టం చేసింది. సుమారు 4 లక్షల మందికి ఆ కోత పడింది. మూర్ఛరోగులు, చెవిటివారు, గుడ్డివారు, చదువు రానివారు. మన ప్రొటెస్టెంటు ఆసుపత్రుల్లో కూడా ఆ ఆపరేషన్లు జరిగాయి. పనికొచ్చేవాడు, పనికిరానివాడు అనే లెక్క ఒప్పుకున్న తర్వాత, ఆ లెక్క ఎక్కడ ఆగాలో చెప్పే అధికారం నీ చేతిలో ఉండదు. ఆ రోజుల్లో బడిలో లెక్కల పుస్తకమే, ఒక పిచ్చాసుపత్రి ఖర్చుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చో చెప్పమని పిల్లలను అడిగేది. హార్ట్‌హైమ్‌లో దొరికిన లెక్కల్లో, చంపినవారికి పదేళ్లపాటు పెట్టాల్సిన రొట్టె, మాంసం, జామ్ ఎంత మిగిలిందో కట్టి, మొత్తం 88 కోట్ల మార్కులకు పైగా ఆదా అని తేల్చారు.

మన తాతల దాకా వచ్చే ఒక సంగతి కూడా చెప్పాలి. సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు 1860లలో సువార్త తెచ్చింది జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషన్. సాలూరు, పార్వతీపురం వైపు పనిచేసింది బ్రెక్లుమ్ మిషన్, అదీ జర్మనీదే. మన దేశానికి మిషనరీలను పంపిన భక్తి, తన దేశంలో మూర్ఛరోగులకు ఆశ్రమాలు కట్టిన భక్తి, ఒకే తల్లి బిడ్డలు. అందుకే ఇది ఎక్కడో పరాయి దేశపు గొడవ అని తోసేయలేను. ఆ భక్తి మంచిదే. ఆశ్రమం కట్టింది, కీర్తనలు నేర్పింది, అన్నం పెట్టింది. కాని బస్సు వచ్చినప్పుడు అడ్డంగా నిలబడటం చాలామందికి నేర్పలేదు.

కొందరు మాట్లాడారు. వుర్టెంబెర్గ్ బిషప్ వుర్మ్ 1940 జూలైలో మంత్రికి ఉత్తరం రాశాడు. లోబెటాల్ ఆశ్రమపు పాస్టరు బ్రౌనె ఊరూరా తిరిగి లెక్కలు పోగుచేసి ప్రభుత్వానికే నివేదిక ఇచ్చాడు, జైలుకు వెళ్లాడు. బ్రాండెన్‌బుర్గ్ జడ్జి లోథార్ క్రైసిగ్ అనే విశ్వాసి, ఇది హత్య అని న్యాయశాఖ మంత్రికే రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాకు మాత్రం వీరందరికంటే దగ్గరగా అనిపించేది ఎర్నెస్ట్ విల్మ్. మెన్నిగ్‌హ్యూఫెన్ అనే పల్లెకు పాస్టరు. రోగులను చంపుతున్నారని బహిరంగంగా చెప్పినందుకు 1942లో డాఖావ్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఉదాహరణ కావాలంటే ఈయన గురించి చెప్పండి. కాని ఈయన ఒక్కడే ఎందుకు వెళ్లాడో కూడా చెప్పండి. మన పెద్దలలో ఎక్కువమంది ఉత్తరాలు రాశారు, ప్రసంగపీఠం మీద మాట్లాడలేదు. యుద్ధం అయిన తర్వాత 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో సంఘపెద్దలు చేసిన పాపపు ఒప్పుకోలులో కూడా ఈ వికలాంగుల ఊసు లేదు.

ఇక "చనిపోయినవారికి స్మారకాలు ఎందుకు, అది కథోలికుల పద్ధతి కదా" అనేవారికి ఒక మాట. యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం తీయండి. యొర్దాను దాటిన తర్వాత పన్నెండు రాళ్లు ఎందుకు నిలబెట్టించాడు దేవుడు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారని. అడగడానికి ఏదో ఒకటి కంటికి కనబడాలి. వైసెనావ్ అనే ఊళ్లో ఒక మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడి రోగులను గ్రాఫెనెక్ తీసుకెళ్లిన బూడిదరంగు బస్సులు బయటికి వెళ్లిన పాత గేటులో, 2006లో అదే సైజులో కాంక్రీటు బస్సు ఒకటి నిలబెట్టారు. దారి మూసుకుపోయేటట్టు. దానికి జతగా ఇంకొక కాంక్రీటు బస్సు ఊరూరా తిరుగుతుంది, ఒకచోట కొన్ని నెలలు, మరొకచోట కొన్ని నెలలు. దానిలో ఒక రోగి అడిగిన ప్రశ్న చెక్కి ఉంది, మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని. బెర్లిన్‌లో ఈ హత్యలకు ఆఫీసుగా పనిచేసిన ఇల్లు టియర్‌గార్టెన్ వీధిలో 4వ నంబరు. ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ 24 మీటర్ల పొడవు నీలం గాజుగోడ 2014 సెప్టెంబరులో నిలబెట్టారు. యుద్ధం ముగిసిన 69 ఏళ్లకు!

ఆలస్యం ఎందుకు? ప్రభుత్వం ఒక్కటే కారణం కాదు. కుటుంబాలు సిగ్గుపడ్డాయి. మా వంశంలో మతిలేనివారు ఉన్నారని తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావని. (ఈ వాక్యం తెలుగులో రాస్తుంటే ఇది జర్మనీ సంగతే అని నాకు నేనే గుర్తుచేసుకోవలసి వచ్చింది.) ఆన్నా లేన్‌కెరింగ్ అనే అమ్మాయికి చదువు సరిగా రాలేదు. మొదట ఆపరేషన్ చేశారు, తర్వాత ఆశ్రమంలో పెట్టారు, 1940 మార్చి 7న 24 ఏళ్ల వయసులో గ్రాఫెనెక్‌లో చంపారు. ఆమె ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. 2003లో ఆమె అన్నదమ్ముని కూతురు సిగ్రిద్ ఫాల్కెన్‌ష్టైన్ ఇంటర్నెట్‌లో చనిపోయినవారి జాబితాలో మేనత్త పేరు చూసింది. ఆ బెర్లిన్ గోడ రావడానికి పట్టుబట్టి పనిచేసినవారిలో ఆమె ఒకరు. రోగుల వివరాలు రహస్యం అనే పేరుతో పేర్లను ఏళ్ల తరబడి దాచారు. జర్మనీ జాతీయ దస్త్రాగారం 2018లో గాని బయటపెట్టలేదు. ఆపరేషన్ చేయబడినవారికీ చంపబడినవారి కుటుంబాలకూ ఇతర బాధితులకు ఇచ్చిన నష్టపరిహారపు చట్టం వర్తించలేదు. వారు కూడా నాజీల చేత హింసించబడినవారే అని జర్మనీ పార్లమెంటు స్పష్టంగా తీర్మానించింది 2025 జనవరిలో.

ఇప్పుడు యెషయా 56వ అధ్యాయం 4, 5 వచనాలు మీ బైబిల్లో తెరిచి చదవండి. నపుంసకులను గూర్చి ప్రభువు ఏమంటున్నాడో చూడండి. పిల్లలు లేనివారికి, ఇక పుట్టరని మనుషులు తేల్చేసినవారికి, తన మందిరంలోనే జ్ఞాపకమూ పేరూ ఇస్తానంటున్నాడు, కొడుకులు కూతుళ్లు ఉన్నదానికంటే గొప్పగా. యెరూషలేములో యూదుల స్మారకానికి యాద్ వషేమ్ అనే పేరు ఈ వచనం నుండే తీసుకున్నారు. ఈ వచనం మొదట ఎవరికోసం? శరీరానికి కోత పడి, ఎండిన చెట్టునని తన్ను తాను అనుకున్నవాడి కోసం. ఆ 4 లక్షల మంది ఈ వచనంలో మొదటి వరుసలో కూర్చున్నారు. మనం దీని మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం?

చివరిగా, నాకు అన్నింటికంటే కోపం తెప్పించే సంగతి. హిట్లర్ 1939 అక్టోబరులో సంతకం చేసి, వెనక్కి సెప్టెంబరు 1 అని తేదీ వేసిన ఆ అనుమతి పత్రంలో చంపడం అనే మాట లేదు. గ్నాడెన్‌టోట్ అని ఉంది. గ్నాడె అంటే జర్మన్‌లో కృప. రోమా పత్రికలో, ఎఫెసీ పత్రికలో మనం కృప అని చదివే చోట లూథర్ బైబిల్లో ఉండే మాట అదే. మనం దేనివలన రక్షించబడ్డామో ఆ మాటను దొంగిలించి, ఒక హత్యకు పేరు పెట్టారు. కృపామరణం!

మన పల్లెల్లో ఎవరూ బస్సు పంపడం లేదు. అక్కడికీ ఇక్కడికీ పోలిక పెట్టి ఎవరినీ హంతకులు అనను. కాని ఆ మాట ఉంది. మంచంలో ఉన్న బిడ్డను చూడటానికి వెళ్లి, తల్లి వింటుండగా, దేవుడు కృప చూపి త్వరగా తీసుకుపోతే బాగుండునమ్మా అని విశ్వాసులే అంటున్నారు. నా చెవులతో విన్నాను. అనేవారు ప్రేమతోనే అనుకుంటున్నారు. ఆ తల్లి అడగలేదు. ఆ బిడ్డ అడగలేదు. ఎవరి పాపం వలన ఈలాగు పుట్టాడని యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, తలిదండ్రులదీ కాదు అని యేసయ్య తేల్చేశాడు. మనం ఇంకా స్వస్థత కూటాల్లో శాపం తెంచుతున్నాం. స్వస్థపడకపోతే విశ్వాసం చాలలేదని ఆ తల్లి మీదే వేస్తున్నాం. స్వస్థత కొరకు ప్రార్థించవద్దని నేను అనడం లేదు, నేనూ చేస్తాను. స్వస్థపడితేనే సాక్ష్యం, లేకపోతే వెనుక బెంచీ అంటే, అదీ పనికొచ్చేవాడు, పనికిరానివాడు అనే లెక్కే. భాష మాత్రమే పరిశుద్ధమైనది. "దేవుడు ఇతన్ని గొప్పగా వాడుకుంటాడు" అని ఓదార్చడం కూడా నాకు సరిగా అనిపించదు. వాడుకోకపోతే? మెఫీబోషెతు దావీదు బల్లదగ్గర భోజనం చేశాడు. అక్కడ అతడు ఏం పని చేసిపెట్టాడో 2 సమూయేలు 9వ అధ్యాయంలో ఎక్కడా లేదు. రెండు కాళ్లూ కుంటివి అని చెప్పి అధ్యాయం ముగిసింది.

గ్రాఫెనెక్‌ను యుద్ధం తర్వాత ఆ సేవాసంస్థకే తిరిగి ఇచ్చారు. ఈరోజు అక్కడ మళ్లీ వికలాంగులు నివసిస్తున్నారు. స్మారకమూ, శ్మశానమూ, వారి ఇళ్లూ ఒకే ఆవరణలో. పేర్ల పుస్తకం ఉంది, ఇంకా పేరు దొరకనివారి కోసం అక్షరాల తోట ఉంది, చిన్న చిన్న రాతి పలకల మీద వర్ణమాల అక్షరాలు మాత్రమే.

వచ్చే ఆదివారం ఆరాధనలో యెషయా 56 చదువుతాను. చనిపోయినవారి కొరకు మనం ప్రార్థించము, అది మన బోధ కాదు. కాని ఆన్నా పేరు ప్రసంగపీఠం మీద నుండి చదువుతాను. ఆరాధన తర్వాత సంఘపెద్దలు ఉండాలి. బుద్ధిమాంద్యం ఉన్న మన ముగ్గురు యవ్వనస్థులకు విశ్వాసపు ప్రశ్నలు అప్పజెప్పలేరనే కారణంతో ఇంతవరకు బాప్తిస్మమూ లేదు, ప్రభువు బల్లా లేదు. ఆ సంగతి ఒక్కటే ఆ రోజు ఎజెండా. వారి తలిదండ్రులను కూడా రమ్మని చెప్పాను.